నర్సమ్మ చదువూ దేవుని పిలుపే

మిర్చి కల్లాలు ఎత్తేసి, ఆఖరి టిక్కీలు గుంటూరు యార్డుకు చేరే రోజుల్లోనే ఇంటర్మీడియెట్ ఫలితాలు కూడా వస్తుంటాయి. ఈ రెంటికీ సంబంధమేమిటని పట్నవాసులు అనుకోవచ్చు. మన గుంటూరు, ప్రకాశం మెట్ట ఊళ్లలో మాత్రం కాయ అమ్మిన డబ్బులో అప్పులు పోగా ఏం మిగిలిందో తేలే వారమే, పిల్లను ఏ చదువులో చేర్చాలో తేలే వారం. ఆ వారంలో పాస్టరు ఇంటి వరండాలో కూర్చునేవాళ్ల చేతుల్లో మార్కుల జాబితా ఒకటి, ఏదో కాలేజీవాళ్లు ఊరూరా పంచిన రంగు కాగితం ఒకటి ఉంటాయి. “అయ్యగారండీ, అమ్మాయిని నర్సింగులో చేర్చమంటారా? ల్యాబు టెక్నీషియన్ కోర్సు మంచిదంటారా? మీరు ప్రార్థన చేసి చెప్పండి” అని అడుగుతారు.

ప్రార్థన తప్పక చేస్తాం. కాని ఈ ప్రశ్నకు ప్రార్థనతోపాటు కొంత చరిత్ర, కొంత వాక్యం, కొంత లోకజ్ఞానం కూడా అవసరమని ఇన్నేళ్ల పరిచర్యలో మాకు తెలిసివచ్చింది. ఎందుకంటే తల్లిదండ్రులు వెళ్లిపోయాక, వెనకనే నిలబడ్డ నాయనమ్మ గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తుంది. “రాత్రిళ్లు డ్యూటీలంట, మగవాళ్లకు కట్లు కట్టాలంట. మన పిల్లకు రేపు సంబంధం వస్తదా అయ్యగారూ?” అసలు ప్రశ్న అదే! ఆసుపత్రి పని గౌరవమైన పనేనా, దేవుడు మెచ్చే పనేనా అన్నదే ఆమె సందేహం. మన సంఘాలు పుట్టిన కథ తెలిస్తే ఆ సందేహానికి చోటుండదు.

అమెరికా లూథరన్ సంఘం పంపగా 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్ పేరు ఈ ప్రాంతపు విశ్వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆయన వచ్చిన రోజును నేటికీ సంఘాలు జరుపుకుంటాయి. అయితే ఆయన జీవితంలో మేము అందరికీ చెప్పాలనుకునే సంగతి వేరొకటి ఉంది. 1793లో జర్మనీలో పుట్టిన ఆ దైవజనుడు గుంటూరులో తొలి విడత పరిచర్య ముగించుకొని అమెరికా వెళ్లినప్పుడు, బాల్టిమోర్ నగరంలో వైద్యవిద్య పూర్తిచేసి ఎం.డి. పట్టా పుచ్చుకొని మరీ తిరిగి వచ్చారు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. తన కొడుకుల వయసున్న కుర్రాళ్ల పక్కన బల్లమీద కూర్చొని, ఎముకల పేర్లు, మందుల పాళ్లు బట్టీపట్టిన పాస్టరును ఒక్కసారి ఊహించుకోండి! మేమూ ఇప్పుడు ఆ వయసువాళ్లమే గనుక ఆ కష్టం ఎంతటిదో మాకు బాగా అర్థమవుతుంది. పట్టా తీసుకొని ఆయన బాల్టిమోర్‌లోనే ఉండిపోలేదు. మళ్ళీ గుంటూరు వచ్చి, అక్కడినుండి పల్నాడు వెళ్లి గురజాల కేంద్రంగా పనిచేశారు. ఆ రోజుల్లో పల్నాడు అంటే జ్వరాల దేశం. బైబిలు సంచితోపాటు మందుల పెట్టె కూడా లేకుండా అక్కడ సువార్త చెప్పడం సగం పనేనని ఆయన గ్రహించి ఉంటారు.

ఆయన తర్వాత నలభై ఏళ్లకు, 1883లో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్ నుండి అన్నా సారా కుగ్లర్ అనే 27 ఏళ్ల యువతి గుంటూరు వచ్చారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొందిన డాక్టరమ్మ ఆమె. విచిత్రమేమంటే, ఆమెను పంపిన మిషను బోర్డు ఆమెను డాక్టరుగా పంపలేదు. అప్పటికి బోర్డుకు వైద్య పరిచర్య మీద అంత నమ్మకం లేదు. బడులు చూసుకోవడానికీ, జెనానాలలో అంటే ఇల్లు కదలని స్త్రీల మధ్య బోధించడానికీ పంపారు. ఆమె మాత్రం తన మందులు, పనిముట్లు వెంట తెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లి బోధిస్తూ, మంచాన పడ్డ బాలింతను చూసి చేతులు కట్టుకొని కూర్చోగలరా? పగలు బడి, బడి అయ్యాక రోగులు. 1885లో బోర్డు ఆమెను వైద్య మిషనెరీగా అధికారికంగా నియమించింది. 1890 దశకం ముగిసేలోగా స్త్రీలకు, పిల్లలకు గుంటూరులో ఆసుపత్రి లేచింది. అదే నేటికీ జనం నోట కుగ్లర్ ఆసుపత్రి.

ఆ కాలంలో పరదా పాటించే ఇళ్ల స్త్రీలు చావనైనా చస్తారు గాని మగ డాక్టరుకు చెయ్యి చూపేవారు కారు. కాన్పు అడ్డం తిరిగితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవడమే. అలాంటి ఇళ్లలోకి కుగ్లర్ అమ్మగారు నడిచివెళ్లారు. ఏలూరు రాజా భుజంగరావు గారు కృతజ్ఞతతో ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. 47 ఏళ్ల సేవలో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకమూ ఇచ్చింది. చివరికి 1930 జూలై 26న గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. చనిపోవడానికి రెండేళ్లముందు ఆ ఆసుపత్రి చరిత్రను ఆమే పుస్తకంగా రాసి వెళ్లారు.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. దానికి రెండో సగం ఉంది. డాక్టరు ఒక్కరితో ఆసుపత్రి నడవదు. డాక్టరమ్మ మందు రాసి వెళ్లాక, రాత్రి రెండింటికి ఆ మందు వేసేదెవరు? కట్టు విప్పి చీము తుడిచేదెవరు? 1890 దశకంలో కేథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు కుగ్లర్ గారికి తోడుగా వచ్చారు. ఆ ఆసుపత్రి తెలుగు ఆడపిల్లలకు నర్సు విద్య నేర్పే బడి కూడా అయింది. చీరాలలో, రెంటచింతలలో లూథరన్ ఆసుపత్రులు, ఒంగోలులో బాప్టిస్టుల క్లౌ స్మారక ఆసుపత్రి వెలిశాయి. మన అమ్మమ్మల తరంలో “మిషనాసుపత్రిలో నర్సమ్మ” అంటే ఊళ్లో ఉత్తరం చదవగలిగిన ఆడమనిషి, నెలజీతం తెచ్చే ఆడమనిషి, గడియారం పెట్టుకున్న ఆడమనిషి. ఈ దేశంలో చాలాకాలం నర్సు పనికి ఇతరులు ముందుకు రాలేదు. రక్తమూ మలమూ అంటుకోవడం మైల అని అగ్రవర్ణాలు అనుకున్నాయి. ఆ మైలను భుజాన వేసుకున్నది ఎక్కువగా క్రైస్తవ ఆడపిల్లలు. వాళ్లలోనూ దిక్కులేనివాళ్లు, వితంతువులు, అప్పటికి ఒక్క తరం ముందే అక్షరం ముట్టుకున్న కుటుంబాలవాళ్లు ఎందరో. ఈ రోజు అదే చదువు కోసం అన్ని కులాలవాళ్లూ క్యూ కడుతున్నారు. సంతోషమే. కాని ఆ నాయనమ్మ సందేహం మాత్రం ఆ పాత మైల మాటకు మిగిలిన నీడ తప్ప మరొకటి కాదు. మనం దాన్ని మన గుమ్మంలోకి రానివ్వడం ఏమి న్యాయం?

పరిశుద్ధ గ్రంథం ఏమంటుందో చూద్దాం. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఐగుప్తు రాజైన ఫరో ఉన్నాడు, ఆయన పేరేమిటో గ్రంథంలో ఎక్కడా లేదు. నేటికీ పండితులు అది ఏ ఫరో అని వాదించుకుంటున్నారు. కాని ఆ రాజు ఆజ్ఞను లెక్కచేయక మగశిశువులను బతికించిన ఇద్దరు మంత్రసానుల పేర్లు షిఫ్రా, పూయా అని స్పష్టంగా రాసి ఉంది. లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం మనం చిన్నప్పటినుండి వింటున్నదే. ఆ కథలో సమరయుడు జాలిపడటంతో ఆగలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన వాహనంమీద ఎక్కించాడు, సత్రంలో రాత్రంతా చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. ప్రథమ చికిత్స, అంబులెన్సు, రాత్రి డ్యూటీ, ఆసుపత్రి బిల్లు, తిరిగి వచ్చి చూడటం – అన్నీ అందులో ఉన్నాయి. ఈ వివరాలన్నీ లూకా ఒక్కడే రాశాడు. పౌలు కొలొస్సయులకు రాస్తూ ప్రియమైన వైద్యుడని పిలిచింది ఇతనినే కదా!

లూకా గురించి ఒక చిన్న ముచ్చట. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథను మార్కు కూడా రాశాడు, లూకా కూడా రాశాడు. ఆమె ఎందరో వైద్యుల చేతుల్లో నానా తిప్పలు పడి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, నయం కాకపోగా మరింత దిగజారిందని మార్కు కుండబద్దలు కొట్టాడు. లూకా మాత్రం ఎవరివల్లా ఆమెకు స్వస్థత కలగలేదని మెల్లగా చెప్పి ముందుకెళ్లాడు. తోటి డాక్టర్ల పరువు కాపాడాడని వేదాంత కళాశాలలో మా గురువులు నవ్వుతూ చెప్పేవారు. నవ్వు సంగతి అటుంచితే, ఆ స్త్రీ కష్టం ఇప్పటికీ ఉంది. నేడు మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై, పట్నంలో నాలుగు ఆసుపత్రులు తిరిగి, అర ఎకరం అమ్ముకొని వచ్చేవాళ్లు ఎందరు లేరు! ఇంట్లో ఒక్కరు ఆరోగ్య విద్య చదివినవాళ్లుంటే ఆ అర ఎకరం మిగిలేది. ఈ పరీక్ష ఎందుకు రాశారు, ఈ సూది అవసరమా అని అడగగలిగే నోరు ఉండేది.

రోమా పత్రిక పదహారో అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే కనిపిస్తుంది. ఆ పరిచారకురాలి పదవిని ప్రొటెస్టెంట్ సంఘాలు ఎన్నో శతాబ్దాలు మరిచాయి. దాన్ని లేపినవాడు ఒక చిన్న ఊరి పాస్టరే. జర్మనీలో కైజర్స్‌వెర్త్ అనే ఊళ్లో థియోడర్ ఫ్లీడ్నర్ అనే యువ పాస్టరు పనిలో చేరిన కొద్దికాలానికే ఆ సంఘానికి ఆధారమైన మఖమల్ మిల్లు దివాలా తీసింది. పత్తి ధర పడిపోతే మన సంఘాల కానుక డబ్బా ఎలా ఉంటుందో అలాగే అయింది. ఆయన ఊరూరా తిరిగి చందాలడిగాడు. ఆ తిరుగుడులోనే జైళ్లు, ఆసుపత్రులు, పేదల కష్టాలు చూశాడు. 1836లో ఆ ఊళ్లోనే చిన్న ఆసుపత్రి తెరిచి, ఆడపిల్లలకు రోగుల సేవ నేర్పే పరిచారకుల గృహం మొదలుపెట్టాడు. 1851లో ఇంగ్లండు నుండి ఒక ధనవంతుల అమ్మాయి వచ్చి అక్కడ మూడు నెలలు శిక్షణ పొందింది. ఇంట్లోవాళ్లు నర్సు పని నీచమని ఏళ్ల తరబడి అడ్డుపడితే ఎదిరించి వచ్చింది. ఆమే ఫ్లోరెన్స్ నైటింగేల్. మన నాయనమ్మ ప్రశ్నే అక్కడి దొరసానమ్మలు కూడా అడిగారన్నమాట!

ఇక నేటి చదువుల సంగతి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉన్నాయి. ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో 1901లో మొదలైనది వాటిలో మొదటిది. నాలుగేళ్ల యూనివర్సిటీ చదువుకు డబ్బులేనివాళ్లు, పనిచేసుకుంటూ చదివేవాళ్లు, పిల్లల తల్లులు తమ ఊళ్లోనే రెండేళ్ల కోర్సు చేసుకోవడానికి పెట్టినవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నర్సుల కొరత వచ్చినప్పుడు మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సు అధ్యాపకురాలు ఈ కాలేజీల్లో రెండేళ్లలో నర్సులను తయారుచేయవచ్చని ప్రతిపాదించింది. 1952లో ప్రయోగం మొదలై, దేశమంతా పాకింది. రెండేళ్లు చదివినా నాలుగేళ్లు చదివినా రిజిస్టర్డ్ నర్సు కావడానికి రాయవలసిన పరీక్ష ఒక్కటే. అక్కడి తెలుగు సంఘాల్లో, భర్త ఉద్యోగం వెంట వెళ్లి, పిల్లలు బడికి వెళ్లాక ఈ కాలేజీలో చేరి నర్సులైన ఇల్లాళ్లు ఉన్నారు. ఇక్కడ బి.కాం. చదివిన అమ్మాయి అక్కడ ముప్పై అయిదేళ్ల వయసులో శరీర నిర్మాణ శాస్త్రం మొదటినుండి చదవడం తేలిక కాదు.

మన దేశంలో ఆ పేరుతో మొదటి కమ్యూనిటీ కాలేజీ 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో వచ్చింది. తమిళనాడులో రోమన్ కేథలిక్ గురువులు ఈ ఉద్యమాన్ని బాగా ముందుకు తీసుకెళ్లారు. బడి మానేసిన పేద పిల్లలకు వాళ్లు నేర్పిన పనుల్లో ఆరోగ్య సహాయకుల కోర్సు ముఖ్యమైనది. మనకు ఆ పేరు అలవాటు లేదు గాని పని మాత్రం ఉంది. పదో తరగతి తర్వాత మన ఇంటర్మీడియెట్ బోర్డు వొకేషనల్ కోర్సుల్లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ వంటివి ఉన్నాయి. ఇంటర్ తర్వాత ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ల్యాబు, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ల డిప్లొమాలు వేరు. మన మగపిల్లలు కూడా వీటివైపు చూడాలి. మిర్చి యార్డులో గుమస్తాగా బస్తాలు లెక్కపెట్టే కుర్రవాడు, బుద్ధిగా చదివితే, ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టగలడు.

ఈ చదువు మన నేలకు ఎందుకింత అవసరమో చెప్పాలంటే ఒక చేదు సంగతి ఎత్తక తప్పదు. 1987-88లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి నాశనమైంది. రైతులు, కౌలుదారులు అప్పుల బాధ తాళలేక పురుగుమందు తాగారు. దేశమంతా రైతు ఆత్మహత్యల మాట వినడం మొదలుపెట్టింది ఇంచుమించు అప్పటినుండే. ఆ తర్వాత ఏ పంటకాలమూ పూర్తిగా ఊరడింపు ఇవ్వలేదు. తాగినవాళ్లే కాదు, ఎండవేళ చొక్కా తడిసేలా పత్తికీ మిర్చికీ మందు కొట్టి, ఆ చేతులతోనే అన్నం తిని పడిపోయే కూలీలు కూడా ఉన్నారు. ఆ ఇళ్లకు అర్ధరాత్రి ముందుగా కబురొచ్చేది పాస్టరుకే.

అప్పుడు ఇంటిముందు ఏం జరుగుతుందో మేము ఎన్నోసార్లు చూశాం. ఒకరు ఉప్పునీళ్లు తాగిస్తారు, ఒకరు చింతపండు పులుసు పోస్తారు, నోట్లో వేళ్లు పెట్టి కక్కిస్తారు. స్పృహ తప్పిన మనిషి గొంతులో ఏది పోసినా అది ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం తీస్తుంది. అదే గుంపులో ఒక నర్సింగ్ చదివిన పిల్ల ఉంటే ఏం చేస్తుంది? ముందు ఆ డబ్బా ఎక్కడుందో వెతికించి, దాని పేరు ఆసుపత్రికి తెలిసేలా చూస్తుంది. మందు పడిన బట్టలు తీయించి, తన చేతులకు తొడుగులు వేసుకొని సబ్బునీళ్లతో ఒళ్లు కడుగుతుంది. వాంతి ఊపిరిలోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెడుతుంది. 108కు ఫోను చేయిస్తుంది. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయా, నోట చొంగ కారుతోందా, చెమట పోస్తోందా చూస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులకు అవి గుర్తులు. అట్రోపిన్ ఇంజెక్షన్ దానికి విరుగుడు. ఎంత, ఎన్నిసార్లు అన్నది డాక్టరు చెబుతాడు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా లేదా అని రాత్రంతా పక్కన నిలబడి చూసేది మాత్రం నర్సు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ విషంలో మొదటి రోజు గండం గడిచి, మనిషి లేచి కూర్చొని మాట్లాడాక కూడా, ఒకటినుండి నాలుగు రోజుల మధ్యలో ఊపిరి కండరాలు మళ్లీ సడలిపోవచ్చు. “బాగయిపోయాడు, దేవుడు కాపాడాడు, ఇంటికి తీసుకుపోతాం” అని బంధువులు బలవంతాన డిశ్చార్జి చేయించుకుపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే! అనుభవమున్న నర్సు పొద్దున్నే వచ్చి రోగిని “తల దిండుమీద నుంచి ఎత్తు నాయనా” అంటుంది. ఎత్తలేకపోతే ఆమెకు అర్థమవుతుంది, పరుగున డాక్టరును పిలుస్తుంది, వెంటిలేటరు సిద్ధమవుతుంది. చూసేవాళ్లకు అది చిన్న మాట. ఆ మాట అడగడానికి మూడేళ్ల చదువు కావాలి.

ఇలా బతికి వచ్చినవాళ్లతో కొన్ని సంఘాలు ప్రవర్తించే తీరు కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్లు ఆదివారం వస్తే వెనక బెంచీలో గుసగుసలు. పాపం చేశాడని బహిరంగంగా మందలించే బోధకులు కూడా ఉన్నారు. బదరీవృక్షం కింద పడుకొని చావు కోరుకున్న ఏలీయాను దేవుడు ఏమన్నాడు? మొదట దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. ప్రశ్నలు ఆ తర్వాత హోరేబు దగ్గర! వార్డులో నర్సు చేసేదీ ఆ వరుసలోనే ఉంటుంది. పాస్టర్లమైన మనం ఆమె దగ్గర కొంత నేర్చుకోవచ్చు. మనసు కుంగినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పాస్టరుకో, ఇంట్లో ఒకరికో ఈ రోజే చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మందు వాడటం అవిశ్వాసమని ఇప్పటికీ చెప్పేవాళ్లకు ఒక్క మాట. హిజ్కియా మరణరోగంతో ప్రార్థిస్తే దేవుడు ఆలకించి పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. ఆ వాగ్దానం చెప్పిన యెషయా ప్రవక్తే, పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేసి కట్టమన్నాడు. ప్రార్థన ఆలకించిన దేవుడే పట్టీ వేయించాడు. షుగరు మాత్రలు, మూర్ఛ మాత్రలు స్వస్థత సభల్లో పారవేయించేవాళ్ల వల్ల మేము చేసిన అంత్యక్రియలు ఉన్నాయి. అంతకంటే ఆ విషయం ఇక్కడ పెంచదలచుకోలేదు.

ఇక తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన సంగతి. మా సంఘంలో ఒక పత్తికూలీ కుటుంబం వడ్డీకి తెచ్చి కూతురును రెండేళ్ల నర్సింగ్ కోర్సులో చేర్చింది. అంగళ్ల పైఅంతస్తులో రెండు గదులు, గోడకు ఒక అస్థిపంజరం బొమ్మ – అదే కాలేజీ. ఆసుపత్రి ముఖం చూపించలేదు. చివరికి చేతికిచ్చిన సర్టిఫికెట్ తీసుకొని నర్సింగ్ కౌన్సిల్‌కు వెళ్తే, అలాంటి సంస్థ మా జాబితాలోనే లేదన్నారు. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి తెచ్చుకోవడానికి మేము, సంఘ పెద్దలు కలిసి మూడుసార్లు తిరగవలసివచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చీపురు జీతానికి సూదులు వేస్తోంది. చట్టం దృష్టిలో ఆమె నర్సు కాదు.

కాబట్టి రంగు కాగితం చూసి మోసపోవద్దు. 1947 చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ కౌన్సిల్ గాని, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గాని ఆ కాలేజీని గుర్తించాయా అన్నది మొదటి ప్రశ్న. డిగ్రీ కోర్సయితే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధం ఉందా? ల్యాబు, ఎక్స్‌రే వంటి కోర్సులకు ప్రభుత్వ పారామెడికల్ గుర్తింపు ఉందా? ఈ కోర్సులను దేశమంతటా ఒక పద్ధతిలోకి తేవడానికి పార్లమెంటు 2021లో చట్టం చేసింది గనుక నిబంధనలు మారుతున్నాయి, ఏ ఏటి సంగతి ఆ ఏడే కనుక్కోవాలి. రెండో ప్రశ్న, పిల్లలు పనిచేసి నేర్చుకునే ఆసుపత్రి ఏది, అందులో నిజంగా రోగులున్నారా? ఒక పూట వెళ్లి వార్డులో నిలబడి చూడండి. పడకలు ఖాళీగా ఉంటే ఆ కాలేజీ కూడా ఖాళీదే. మూడో ప్రశ్న ఫీజు గురించి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందా, అది ఆలస్యమైతే హాల్‌టికెట్టు ఆపుతారా అని ముందే తేల్చుకోవాలి.

సంఘాలుగా మనకూ కొంత పని ఉంది. వెల్లూరులో ఐడా స్కడ్డర్ 1918లో స్త్రీలకు మొదలుపెట్టిన వైద్య పాఠశాల నేటి క్రైస్తవ వైద్య కళాశాల అయింది. సంఘాలు తమ పిల్లలను సిఫారసు చేసి పంపడం, చదివాక వాళ్లు కొంతకాలం మారుమూల మిషను ఆసుపత్రుల్లో సేవచేయడం అక్కడి పద్ధతి. అంత పెద్దది మనవల్ల కాకపోవచ్చు. క్రిస్మస్ అలంకరణకూ, లౌడ్‌స్పీకర్లకూ చేసే ఖర్చులో కొంత తగ్గించి, ఏడాదికి ఒక్క పిల్ల ఫీజు కట్టలేమా? అది మా దృష్టిలో సువార్త సభ కంటే తక్కువ పనేమీ కాదు. చదివిన పిల్ల గల్ఫుకో ఇంగ్లండుకో వెళ్లిపోతుందిగా అని కొందరు పెద్దలు గొణుగుతారు. వెళ్తే వెళ్లనివ్వండి. ఆ జీతంతో ఇక్కడ ఇద్దరు తమ్ముళ్లు చదువుతారు, తండ్రి కౌలు మానతాడు. దళారుల మాట నమ్మి కాగితాలు సరిగా లేకుండా వెళ్లకుండా మాత్రం చూడాలి. ఆర్డ్‌మోర్ సంఘం కూడా తమ డాక్టరమ్మ దూరదేశం పోయిందనే అనుకొని ఉంటుంది కదా!

మరొకటి, ఆదివారం డ్యూటీ పడి ఆరాధనకు రాలేని నర్సును హాజరు పట్టీ చూసి మందలించే పెద్దలను మేము చూశాం. విశ్రాంతి దినాన ఊచచెయ్యిగలవానిని బాగుచేసిన ప్రభువును ఆరాధించే మనం, అదే దినాన అదే పనిచేస్తున్న కూతురును తప్పుపట్టడం వింత. నైట్ డ్యూటీ దిగి నిద్రకళ్లతో వచ్చి వెనక వరుసలో కునికే పిల్లను లేపకండి. ప్రభురాత్రి భోజనం ఆమెకు డ్యూటీ లేని సాయంత్రం ఇవ్వడం పాస్టరుకు పెద్ద శ్రమ కాదు.

మొన్న మిర్చి కోతలు ముగిశాక ఒక సోదరి పాస్టరమ్మ దగ్గరకు వచ్చింది. భర్త పోయి నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు ఇంటర్ ఆర్ట్స్ పాసైంది. రోజంతా కాయ ఏరి, ఘాటుకు ఒళ్లు మండి, రాత్రి దగ్గుతూ పడుకునే బతుకు చాలనిపించింది. తమ ఊరి ఏఎన్‌ఎమ్మ రిటైరవబోతోందని విని, ఆ పని తాను నేర్చుకోగలనా, వయసు మించిపోయిందా అని అడగడానికి సిగ్గుపడుతూ నిలబడింది. ఏఎన్‌ఎం కోర్సుకు సైన్సు అయినా ఆర్ట్సు అయినా ఫరవాలేదు, 17 నుండి 35 ఏళ్లవరకు చేరవచ్చు. ఆమెకు 33. ఫాదర్ హయ్యర్ బాల్టిమోర్‌లో ఏ వయసున పుస్తకం పట్టారో పాస్టరమ్మ ఆమెకు చెప్పింది. పిల్లలిద్దరినీ పగటివేళ చూసుకోవడానికి స్త్రీల సమాజంలో ఇద్దరు తల్లులు ఒప్పుకున్నారు. ఇంటర్ మార్కుల జాబితా అత్తగారింటి పెట్టెలో ఎక్కడో ఉందట. అది వెతకడానికి ఆమె ఈ బుధవారం వెళ్తోంది.